ఆఖరి డబ్బా వచ్చిందా?

కుటుంబం సంఘానికి పునాది అని మనం చిన్ననాటి నుండి పాఠ్యపుస్తకాలలో చదువుతూనే ఉన్నాం. తల్లి, తండ్రి, తోబుట్టువులు, తాత, నానమ్మ, వీరందరూ కలిస్తేనే అది ఇల్లు. ఈ మాటలో తర్కించవలసినది ఏమీ లేదని నేను కూడా తలచాను. కాని ఒక కుటుంబాన్ని కాగితం మీద నుండి కంప్యూటరులోనికి చెదరకుండా చేర్చడం ఎంత కష్టమో, ఆ చేర్పులో దొర్లిన ఒక చిన్న పొరపాటు ఒక తల్లిని ఎంతటి అవమానానికి గురి చేయగలదో గత సంవత్సరం స్వానుభవం వలన తెలుసుకున్నాను. ఆ పొరపాటు నాదే. దానిని దాచుకొనక సహవిద్యార్థుల ముందు, కమిటీ పెద్దల ముందు ఉంచడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

మాది డోర్నకల్. 2016 అక్టోబరు 11న మహబూబాబాద్ జిల్లా ఏర్పడే వరకు మా ఊరు వరంగల్ జిల్లాలో ఉండేది. జిల్లా ఏదైనా మా ఊరికి పేరు తెచ్చినది రైలు జంక్షనే. ఒక దారి కాజీపేట వైపు, ఒకటి విజయవాడ వైపు, మరొకటి సింగరేణి బొగ్గు గనులున్న కొత్తగూడెం వైపు పోతాయి. మా అబ్బా ఆ జంక్షనులో పాయింట్స్‌మన్‌గా పనిచేసి పదవీ విరమణ చేశారు. చిన్నతనంలో అమ్మీ కట్టి ఇచ్చిన టిఫిన్ క్యారియరు పట్టుకొని నేను ఆయన దగ్గరకు పోయేవాణ్ణి. బొగ్గు గూడ్సు బండి వచ్చినప్పుడు నేను ఇంజనునే చూస్తూ నిలబడేవాణ్ణి. అబ్బా మాత్రం పచ్చజెండా చాచి, ఇంజను దాటిపోయిన తరువాత కూడా కన్నార్పకుండా బండి తోక వైపే చూసేవారు. ఎందుకని ఒకనాడు అడిగాను.

“ఇంజను వచ్చిందంటే చాలదు బేటా. ఆఖరి డబ్బా వచ్చిందా లేదా చూడాలి,” అన్నారు.

ఆయన చెప్పిన సంగతి ఇది. పొడవైన గూడ్సు బండిలో ఎక్కడైనా కొక్కెం తెగితే సగం బండి ఇంజనుతో వచ్చేస్తుంది, మిగిలిన సగం దారిలోనే నిలిచిపోతుంది. ఇంజనును చూసి ‘బండి వచ్చేసింది, దారి ఖాళీ’ అని వెనుక స్టేషనుకు కబురు పంపితే తరువాతి బండి వచ్చి ఆ నిలిచిన డబ్బాలను ఢీకొంటుంది. అందుచేతనే చివరి బండికి పగలైతే ‘ఎల్.వి.’ అక్షరాల పలక, రాత్రి అయితే ఎర్రదీపం ఉంచుతారు. దానిని కంటితో చూడనిదే బండి పూర్తిగా వచ్చినట్టు లెక్క కాదు. ఆ మాట నేను అప్పుడు విని మరచిపోయాను.

ఇక అసలు సంగతికి వస్తాను. మన కళాశాలలో ఒకే ఇంటి నుండి ఇద్దరు లేక అంతకు మించి పిల్లలు చదువుతున్నట్లయితే వారికి కమిటీ ఫీజులో కొంత రాయితీ ఇచ్చే సంప్రదాయం కలదు. ఇందు కొరకు ప్రతి సంవత్సరం విద్యార్థుల నుండి కుటుంబ వివరాల ఫారం తీసుకుంటారు. కాగితం పై భాగంలో ఇంటి యజమాని పేరు, చిరునామా, వృత్తి, ఆదాయం, మొత్తం సభ్యుల సంఖ్య ఉంటాయి. క్రింది భాగంలో సభ్యుల పట్టిక. అందులో వరుసగా ఇంటిపేరు, పేరు, వయస్సు, సంబంధం, చదువు అను గడులు. నేను కంప్యూటర్లు ఒక విషయంగా డిగ్రీ చదువుతున్నానని ఎరిగిన ఆఫీసు గుమాస్తా గారు, ఈ కాగితాలన్నిటినీ కంప్యూటరులో ఎక్కించేందుకు ఒక వెబ్ అప్లికేషన్ తయారు చేయగలవా అని అడిగారు. ఎంతో గర్వంతో ఒప్పుకున్నాను.

ఈ పనిలో ఉన్న చిక్కు చూచినంతనే తెలియదు. రేషను కార్డును తలచుకోండి. కార్డు సంఖ్య ఒకటే, అందులోని పేర్లు అనేకం. ఒకే పట్టికలో ‘సభ్యుడు 1’, ‘సభ్యుడు 2’ అని పది గడులు పెట్టి కూర్చుంటే పదకొండవ మనిషి ఉన్న ఇంటి గతి ఏమి? ఇద్దరే ఉన్న ఇంట మిగిలిన ఎనిమిది గడులు దేనికి? ఈ ప్రశ్నకు ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ అను శాస్త్రజ్ఞుడు 1970లో ప్రకటించిన వ్యాసంలో మార్గం చూపాడు. ప్రతి విధమైన వస్తువుకు దాని పట్టిక దానికి ఉండాలి, ఒక పట్టికకు మరొక పట్టికతో గల సంబంధం అందులో వ్రాసిన విలువ ద్వారానే తెలియాలి అని దాని సారాంశం. ఆయనకు 1981లో ట్యూరింగ్ బహుమానం లభించింది. దీని ప్రకారం కుటుంబాలకు ఒక పట్టిక, సభ్యులకు ఒక పట్టిక, వారి చదువులకు మరొక పట్టిక కావాలి. ప్రతి సభ్యుని వరుసలో అతని కుటుంబం సంఖ్య ఉంటుంది. ప్రతి చదువు వరుసలో ఆ సభ్యుని సంఖ్య ఉంటుంది. కుటుంబంలో సభ్యుడు, సభ్యునిలో చదువు, ఈ విధంగా గూటిలో గూడు వలె అమరిన ఫారాన్నే నెస్టెడ్ ఫారం అంటారు.

ఫారం నింపే వారికి ఈ మూడు పట్టికల సంగతి తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. వారికి కనబడేది ఒకే తెర, ఒకే మీట. ఆ మీట నొక్కిన క్షణంలో లోపల మూడు పట్టికలలోనూ వ్రాత జరగాలి. బిడ్డ వరుసలో వ్రాయవలసిన కుటుంబ సంఖ్య, కుటుంబం నమోదు అయితే తప్ప పుట్టదు. కనుక ముందు కుటుంబం, తరువాత సభ్యుడు, ఆ తరువాత చదువు, ఈ క్రమం తప్పరాదు.

ఇది మన కళాశాలకు మాత్రమే పరిమితమైన సమస్య అని అనుకోవద్దు. 2014 ఆగస్టు 19న తెలంగాణలో సమగ్ర కుటుంబ సర్వే జరిగిన నాడు నేను ప్రాథమిక పాఠశాలలో చదువుతున్నాను. లెక్కలో తప్పిపోరాదని పట్నాలలో ఉన్నవారందరూ ఊళ్లకు తిరిగి రావడం నాకు జ్ఞాపకం. పదేళ్ల తరువాత 2024 నవంబరులో ఇంటింటి కుటుంబ సర్వే జరిగినప్పుడు 75 ప్రశ్నల ఫారం నింపారు. అందులో 1 కోటి 12 లక్షలకు పైబడిన కుటుంబాలు, 3 కోట్ల 54 లక్షలకు పైబడిన జనులు నమోదైనట్లు 2025 ఫిబ్రవరిలో ప్రకటించారు. అంత పెద్ద లెక్కకైనా మన ఆఫీసులోని కాగితాల కట్టకైనా ఆకారం ఒకటే. పైన ఇల్లు, దాని క్రింద మనుషులు.

నా మొదటి ప్రయత్నం అమాయకమైనది. ముందు కుటుంబాన్ని భద్రపరచమన్నాను, తరువాత సభ్యులను ఒక్కొక్కరినే భద్రపరచమన్నాను. రెండు రోజులు బాగానే నడిచింది. మూడవనాడు ఏడుగురు సభ్యులు గల ఒక ఇంటి ఫారం వచ్చింది. నాలుగవ సభ్యుని వయస్సు గడిలో ఎవరో ‘10’ అని అంకె వేయుటకు బదులు ‘పది’ అని అక్షరాలలో వ్రాశారు. పట్టిక దానిని నిరాకరించింది, పని అక్కడే ఆగిపోయింది. కాని అప్పటికే యజమాని, ముగ్గురు సభ్యులు లోపలికి చేరిపోయారు. ఫారం ఎక్కించే విద్యార్థి, ఏమీ చేరలేదనుకొని, తప్పు దిద్ది మొదటి నుండి మళ్లీ ఎక్కించాడు. ఇప్పుడు ఆ ఇల్లు రెండు ఇళ్లయింది. ఒకదానిలో ముగ్గురు, మరొకదానిలో ఏడుగురు.

దీనికి విరుగుడు పాతదే. ‘లావాదేవీ’ అను భావనను శాస్త్రీయంగా నిర్మించిన వారిలో జిమ్ గ్రే ముఖ్యుడు. ఆయనకు 1998 ట్యూరింగ్ బహుమానం వచ్చింది. లావాదేవీకి ఉండవలసిన నాలుగు లక్షణాలకు 1983లో థియో హార్డర్, ఆండ్రియాస్ రాయిటర్ అను ఇద్దరు జర్మన్ పండితులు కలిపి పేరు పెట్టారు. వాటిలో మొదటిది అవిభాజ్యత. ఒక ఖాతా నుండి తీసిన సొమ్ము మరొక ఖాతాలో పడవలె, పడనిచో మొదటి ఖాతాకే తిరిగి చేరవలె. నడుమ నిలిచిపోవడం అను స్థితి ఉండరాదు. కుటుంబం విషయంలోనూ అంతే. ఏడుగురూ చేరాలి, లేదా ఒక్కరూ చేరరాదు.

మా అధ్యాపకులొకరు ఇందుకు తగిన పరికరం చూపారు. దాని పేరు ‘రూబీ ఆన్ రైల్స్’. డెన్మార్క్ దేశస్థుడైన డేవిడ్ హైన్‌మయర్ హాన్సన్ దీనిని 2004లో లోకానికి విడుదల చేశాడు. 2009లో వెలువడిన 2.3 ప్రతిలో నెస్టెడ్ ఫారాలను ఒక్కసారిగా భద్రపరచే సౌకర్యం చేర్చారు. కుటుంబాన్ని భద్రపరచమంటే చాలు, అది తన సభ్యులనూ వారి చదువులనూ ఒకే లావాదేవీలో, సరియైన క్రమంలో వెంట తీసుకుపోతుంది. ఎక్కడ తప్పు వచ్చినా అంతా వెనుకకు మరలుతుంది. ఈ పేరు ఇంట్లో చెప్పగా అబ్బా నవ్వి, “రైల్సా? అయితే మన డిపార్టుమెంటే,” అన్నారు.

నా కష్టాలు తీరినవని తలచాను. అసలు తప్పు చేసినది ఇక్కడనే.

కొత్త తెర మీద సభ్యుల కొరకు పది వరుసలు ఉంచాను. నలుగురు గల ఇంటివారు ఆరు వరుసలు ఖాళీగా వదలివేస్తారు. ఆ ఖాళీ వరుసలను పారవేయమని ఈ పరికరానికి ఆజ్ఞ ఇవ్వవచ్చు. ఏ వరుస ఖాళీయో దానికి మనమే చెప్పాలి. మొదటి గడి ఖాళీగా ఉంటే ఆ వరుస అంతా ఖాళీయే అని వ్రాశాను. ఒక్క పంక్తి. పాఠ్యపుస్తకాలలోని పేర్లతో కల్పిత కుటుంబాలను చేసి పరీక్షించాను. అన్నీ సరిగా వచ్చాయి. ఫారాలన్నీ ఎక్కాయి. ప్రతి ఫారానికీ తెర మీద ‘వివరములు భద్రపరచబడినవి’ అని పచ్చ అక్షరాలు వచ్చాయి.

రాయితీ జాబితా గోడకు అంటించిన మరునాడు నేను ఆఫీసులో ఉండగా ఒక తల్లి తన ఇద్దరు కూతుళ్లతో వచ్చింది. కుట్టుపని చేసుకొని పిల్లలను చదివిస్తున్న మనిషి. జాబితాలో తమ పేరు లేదని చెప్పింది. గుమాస్తా గారు తెర చూసి, “మీ ఇంట్లో చదువుకొనే పిల్లలు లేరని ఉందమ్మా కంప్యూటరులో,” అన్నారు.

ఆమె తన ఇరుప్రక్కలా నిలిచిన పిల్లలను చూపి, “లేరా? మరి వీళ్లెవరు సార్?” అన్నది.

ఆ గొంతులో కోపం కంటె అవమానం ఎక్కువగా ఉంది. అక్కడ నిలబడిన వారిలో ఒకరిద్దరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆమె ఇచ్చిన కాగితం తీసి చూశాను. ఇద్దరు ఆడపిల్లల పేర్లూ చక్కగా వ్రాసి ఉన్నాయి. ఇంటిపేరు గడి మాత్రం ఖాళీగా ఉంది.

అప్పుడు నా చేతులు చల్లబడ్డాయి. నా పేరుతో వెదికాను. మా అబ్బా ఒక్కరే ఉన్నారు. అమ్మీ లేదు, చెల్లెలు లేదు, నేను లేను. తరువాత జాబితా అంతా చూశాను. ఇంటిపేరు గల కుటుంబాలన్నీ నిండుగా ఉన్నాయి. ముస్లిం కుటుంబాలన్నిటిలో యజమాని ఒక్కడే మిగిలాడు. ఇంటిపేరు లేని వారినందరినీ ఖాళీ వరుసలని నా ఆజ్ఞ పారవేసింది. ఇంటిపేరు లేని నేను, ఇంటిపేరు లేని వారు ఇంతమంది చదివే కళాశాలలో కూర్చొని, ఇంటిపేరు లేనివాడు మనిషే కాడని వ్రాసిపెట్టాను! ఎవరి మీదా ద్వేషంతో వ్రాసినది కాదు. కాగితం మీద మొదటి గడి అదే గనుక వ్రాశాను. ఆలోచించకపోవడం ద్వేషమంతటి పనీ చేయగలదని ఆనాడు తెలిసింది.

మా డోర్నకల్‌లో పుట్టిన వానికి ఈ సంగతి ముందే తట్టవలసింది. తెలుగువారికి ఇంటిపేరు ముందు, పేరు తరువాత. మా చుట్టుపట్ల తండాలలోని లంబాడీలకు బానోతు, భూక్యా, గుగులోతు వంటి గోత్రనామాలే ఇంటిపేర్ల స్థానంలో నిలిచాయి. మా వంటి అనేక ముస్లిం కుటుంబాలలో తండ్రి పేరు వేరు, కొడుకు పేరు వేరు, ఉమ్మడి ఇంటిపేరు ఉండదు. భారతీయులలో తొలి ఆంగ్లికన్ బిషప్పుగా 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తులై, డోర్నకల్ డయోసిస్‌కు మొదటి బిషప్పు అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారిది తమిళ దేశం. ఆయన పేరులోని వేదనాయగం ఇంటిపేరు కాదు, తండ్రి పేరు. గుమ్మటాలు, మినార్లు, దేవాలయపు స్తంభాల పోలికలు కలిపి ఆయన కట్టించిన ఎపిఫనీ కెథెడ్రల్ 1939 జనవరిలో ప్రతిష్ఠించబడి నేటికీ మా ఊరిలో నిలిచి ఉంది. ఇన్ని రీతుల కట్టడం ఒక్క కప్పు క్రింద ఇమిడిన ఊరి నుండి వచ్చి, నా ఫారంలో మాత్రం ఒక్క రీతి పేరుకే చోటిచ్చాను.

ఆ సాయంత్రమే గుమాస్తా గారితో కలిసి వెళ్లి ప్రిన్సిపాలు గారికి జరిగినది చెప్పాను. జాబితాను గోడ మీద నుండి తీయించారు. కాగితాలను పారవేయకుండా కట్టగట్టి ఉంచిన గుమాస్తా గారి అలవాటు మమ్మల్ని రక్షించింది. నలుగురం విద్యార్థులం వారం రోజులు కూర్చొని ప్రతి కాగితాన్నీ తెరతో సరిపోల్చాం. ఆ తల్లి ఇంటికి రాయితీ వచ్చింది. అయితే నన్ను ఇప్పటికీ బాధించే విషయం వేరే ఉంది. జాబితాలో పేర్లు లేని ఇళ్లు ఎన్నో ఉండగా అడగడానికి వచ్చినది ఆమె ఒక్కతే. మిగిలినవారు ‘మనకు రాలేదు కాబోలు’ అనుకొని ఊరకున్నారు. ఆమె రాకపోయి ఉంటే?

తప్పును దిద్దడంలోనూ తడబడ్డాను. అన్ని గడులూ ఖాళీగా ఉంటేనే వరుసను ఖాళీగా ఎంచమని మార్చాను. అయితే సంబంధం గడిలో ముందుగానే ‘కుమారుడు’ అని నింపి ఉంచాను గనుక ఏ వరుసా ఖాళీ కాలేదు. నలుగురున్న ఇంటికి ఆరుగురు పేరులేని కుమారులు ఏర్పడి, పేర్లు వ్రాయలేదని తెర నిండా ఎర్ర గీతలు వచ్చాయి. ఆ గడిని ఖాళీ చేశాను. మరొక చిక్కు, దిద్దుబాట్లలో వచ్చింది. ఇదివరకే నమోదైన సభ్యుని వివరాలు మార్చేటప్పుడు అతని సంఖ్యను కూడా వరుసతో పాటు పంపాలి. లేకపోతే పరికరం అతనిని కొత్తవాడనుకొని మళ్లీ చేరుస్తుంది. ఒక అమ్మాయి వయస్సు దిద్దితే ఆ ఇంట ఇద్దరు కవలలు తయారయ్యారు. ఇంటిపేరు తప్పనిసరి అను నిబంధన తీసివేసి, పేరును మాత్రం తప్పనిసరి చేశాను.

ఇవన్నీ చేసినా నా మనస్సు కుదుటపడలేదు. లావాదేవీ నాకు ఇచ్చిన హామీ ఏమిటి? దానికి అప్పగించిన వారందరూ కలిసి చేరతారని. అప్పగించక ముందే నేను పారవేసిన వారి గూర్చి దానికి ఏమీ తెలియదు. ఈ సంగతి అబ్బాతో చెప్పుకున్నాను. ఆయన కంప్యూటరు ఎరుగరు. అంతా విని, “నీ బండికి ఆఖరి డబ్బా మీద పలక ఏదీ?” అని అడిగారు.

ఆ ప్రశ్నతో కాగితం పై భాగంలోని ఒక గడి జ్ఞాపకం వచ్చింది. మొత్తం సభ్యుల సంఖ్య! ఇది దేనికి అని దానిని నేను తెర మీదనే పెట్టలేదు. ఇప్పుడు పెట్టాను. కుటుంబాన్ని భద్రపరచే ముందు, చేరబోయే సభ్యులను యజమానితో కలిపి లెక్కించి, ఆ అంకెతో పోల్చుతుంది. సరిపోకపోతే ఏమీ చేర్చదు. వ్రాసిన వివరాలు చెదరకుండా తెర మీదనే ఉంచి, ‘కాగితంలో ఏడుగురు, ఇక్కడ ఆరుగురు. ఎవరు తప్పిపోయారు?’ అని అడుగుతుంది. రైల్వేలో కూడా ఇప్పుడు అనేక చోట్ల యాక్సిల్ కౌంటర్ అను యంత్రం ఇదే పని చేస్తుందని అబ్బా చెప్పారు. సెక్షనులోనికి పోయిన ఇరుసులెన్ని, బయటకు వచ్చిన ఇరుసులెన్ని అని లెక్కిస్తుంది. రెండూ సమానమైతేనే దారి ఖాళీ అంటుంది. ఒక్క ఇరుసు తగ్గినా ఒప్పుకోదు.

సహవిద్యార్థులారా! రేపు మనలో కొందరు ఆఫీసులలో, కొందరు కంపెనీలలో ఇటువంటి ఫారాలు తయారు చేస్తారు. వాటి వెనుక రేషను, పింఛను, ఉపకారవేతనం, భూమి హక్కు వంటి మనుషుల బ్రతుకులు ఉంటాయి. పెద్ద తప్పులు కేక వేస్తాయి, వాటిని దిద్దుకోవచ్చు. ‘భద్రపరచబడినవి’ అని పచ్చ అక్షరాలు చూపుతూ మనుషులను జారవిడిచే తప్పులే ప్రమాదకరమైనవి. కనుక మీరు తయారు చేసిన ఫారంలో మొట్టమొదట మీ సొంత ఇంటి వివరాలు నింపి చూడండి. తరువాత మీ పేరుకు ఏమాత్రం పోలికలేని పేరు గల పొరుగింటి వివరాలు నింపండి. ఏదైనా పారవేయవలసి వస్తే చెప్పి పారవేయండి.

కమిటీ పెద్దలకు నా మనవి ఒక్కటే. కంప్యూటరు వచ్చినది గదా అని కాగితాలను తొందరపడి తీసివేయవద్దు. లెక్క సరిపోయేంత వరకు వాటిని ఉంచండి. జాబితా వెలువడిన తరువాత ఒక వారం గడువు ఇచ్చి, ఉర్దూలోనూ తెలుగులోనూ గోడ మీద ప్రకటన అంటించి, పేరు లేనివారు వచ్చి అడగవచ్చునని తెలియజేయండి. అడగడం తమ హక్కని అందరికీ తెలియదు.

ఈ సంవత్సరం ఫారాలు ఎక్కించడం మొదలైనది. పచ్చ అక్షరాలలోని వాక్యం మార్చాను. ఇప్పుడు అక్కడ ‘ఏడుగురికి ఏడుగురు చేరారు’ అని ఇంటింటి లెక్కతో వస్తుంది. నిన్న మా ఇంటి ఫారం నేనే ఎక్కించాను. నలుగురికి నలుగురం చేరాం. ఇంటికి పోయి చెబితే అబ్బా తల ఊపి, “ఆఖరి డబ్బా వచ్చిందన్నమాట,” అన్నారు.